పంక్చర్ వేసిన టైరుతో హైవే ఎక్కవచ్చా?

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకు మా అమ్మాయి ఆస్టిన్ నుంచి డాలస్‌కు కారులో వచ్చింది. శనివారం సాయంత్రం స్నేహితుల ఇంట్లో పాట్‌లక్ ఉంటే అందరం వెళ్లాం. కారు దిగుతుండగానే ఆ ఇంటాయన చూసి, "అన్నా, వెనక టైరు దిగిపోయినట్టుంది" అన్నాడు. వంగి చూస్తే ట్రెడ్ మధ్యలో మేకు దిగి ఉంది. గాలి కొలిస్తే 17 పీఎస్ఐ. ఉండాల్సింది 35.

ఆయన గ్యారేజీలో పది డాలర్ల పంక్చర్ కిట్ ఉంది. మేకు పీకి, రంధ్రాన్ని ఆకురాయి లాంటి పుల్లతో గీకి, జిగురు పట్టిన తాడును సూదితో లోపలికి దూర్చి, బయట మిగిలిన ముక్క కోసేశాడు. చిన్న కంప్రెసర్‌తో గాలి నింపి, సబ్బు నీళ్లు పోసి చూశాం. ఒక్క బుడగ కూడా రాలేదు. పదిహేను నిమిషాల్లో పనయిపోయింది. లోపలికెళ్లి హాయిగా బిర్యానీ తిన్నాం.

రాత్రి ఇంటికొచ్చాక మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "ఏవండీ, రేపు పిల్ల ఒక్కతే 200 మైళ్లు వెళ్లాలి. ఆ తాడు ఆగుతుందా?"

"ఎందుకు ఆగదు, గాలి పోవడం లేదుగా" అన్నాను. అన్నానే గాని నిద్ర పట్టలేదు. డాలస్ నుంచి ఆస్టిన్ దారిలో చాలా చోట్ల 75 మైళ్ల స్పీడ్ లిమిట్. పైగా వచ్చే వారం స్నేహితులతో శాన్ ఆంటోనియో వెళ్తానంటోంది. అటు వెళ్లే 130 నంబరు టోల్ రోడ్డులో ఆస్టిన్ దక్షిణం నుంచి సెగీన్ వరకు ఉన్న భాగంలో స్పీడ్ లిమిట్ 85 మైళ్లు. అమెరికా మొత్తంలో అంతకన్నా ఎక్కువ లిమిట్ ఇంకెక్కడా లేదు. 85 మైళ్లంటే గంటకు 137 కిలోమీటర్లు.

ఆదివారం పొద్దున్నే తెరిచి ఉన్న టైర్ల షాపు వెతికి కారు తీసుకెళ్లాను. అక్కడ తెలిసిన సంగతులు, ఆ తర్వాత కూర్చుని చదువుకున్న సంగతులు మన వాళ్లందరికీ పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

మన అనుభవం ట్యూబుల కాలం నాటిది

నా వయసు వాళ్లం చాలామందిమి పంక్చర్ అంటే ఏమిటో ఊళ్లో సైకిల్ షాపు దగ్గరే నేర్చుకున్నాం. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట రుద్ది, సొల్యూషన్ పూసి ప్యాచ్ అంటించేవారు. నాన్నగారి స్కూటర్ ట్యూబుకు ఆరేడు ప్యాచ్‌లు ఉండేవి. ఎవరూ భయపడలేదు.

భయపడాల్సిన పని నిజంగానే లేదు. ఆ టైర్లలో గాలిని పట్టి ఉంచేది ట్యూబు, బరువు మోసేది బయటి టైరు. ప్యాచ్ పడేది ట్యూబు మీద. పైగా ఆ స్కూటర్ వెళ్లేది గంటకు 40, 50 కిలోమీటర్ల వేగంతో.

ఇప్పటి కార్లవి ట్యూబ్‌లెస్ టైర్లు. గాలిని ఆపేదీ, బరువు మోసేదీ, వేగాన్ని తట్టుకునేదీ అన్నీ ఆ ఒక్క టైరే. లోపలి వైపు గాలి బయటికి పోకుండా పలచటి రబ్బరు లైనర్ ఉంటుంది. దాని మీద దారాల పొర, ఆ పైన సన్నటి ఉక్కు తీగలతో అల్లిన బెల్టులు, అన్నిటికన్నా పైన మనకు కనిపించే ట్రెడ్. మేకు దిగిందంటే ఈ పొరలన్నిటినీ చీల్చుకుంటూ వెళ్లిందన్న మాట. బయటి నుంచి తాడు దూర్చితే గాలి ఆగుతుంది, సందేహం లేదు. కానీ గాలి ఆగినంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు. మనం పొరబడేది ఇక్కడే.

వేగం పెరిగితే టైరుకు ఏమవుతుంది?

75 మైళ్ల వేగంలో మామూలు కారు టైరు సెకనుకు సుమారు 15 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ టైరులో ప్రతి భాగం నేలకు తగిలి చదునై, మళ్లీ గుండ్రంగా లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచి చూడండి, వంచిన చోట వేలికి వేడి తెలుస్తుంది. టైరులో జరిగేదీ అదే. ఎంత వంగితే అంత వేడి. గాలి తక్కువగా ఉంటే ఎక్కువ వంగుతుంది. కారులో బరువు ఎక్కువైనా అంతే. వేగం పెరిగితే ఆ వంగడం ఇంకా తరచుగా జరిగి, పుట్టిన వేడి బయటికి పోయేలోపే కొత్త వేడి వచ్చి చేరుతుంది.

రెండోది, బయటికి విసిరే బలం. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. 75 మైళ్ల వేగంలో ట్రెడ్‌లో ఉన్న 10 గ్రాముల రబ్బరు ముక్కను బయటికి లాగే బలం దాదాపు మూడు కిలోల బరువుతో సమానం. పొరలన్నీ గట్టిగా అతుక్కుని ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఎక్కడైనా పట్టు సడలితే ఆ చోటు కొంచెం కొంచెంగా పెరిగి, చివరికి ట్రెడ్ ఊడిపోతుంది. వేసవిలో ఫ్రీవే పక్కన పొడవాటి నల్లటి రబ్బరు పట్టీలు పడి ఉండటం మీరు చూసే ఉంటారు. ఎక్కువగా ట్రక్కులవే అయినా, వెనక జరిగిన కథ ఇదే.

తాడు ప్లగ్‌తో వచ్చే తంటా ఏమిటంటే, అది లోపలి లైనర్‌ను పూర్తిగా మూయదు. లోపలి గాలి ఆ సందులోంచి పొరల మధ్యకు చేరే వీలుంటుంది. లోపల ప్యాచ్ మాత్రమే వేసి రంధ్రం పూడ్చకపోతే తంటా ఇంకో వైపు నుంచి వస్తుంది. బయటి నుంచి వాన నీరు దిగి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగకు రబ్బరు అతుక్కుని ఉండదు. ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు. అందుకే "మా కారుకు ప్లగ్ వేసి ఏడాదైంది, ఏమీ కాలేదు" అని చెప్పేవాళ్లు మనకు చాలామంది కనిపిస్తారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే వాళ్ల టైరు లోపల ఎలా ఉందో వాళ్లూ చూసి ఉండరు.

సరైన మరమ్మతు అంటే ఏది?

అమెరికాలో టైరు తయారీదారుల సంఘం చెప్పే పద్ధతి స్పష్టంగా ఉంది. మంచి షాపులు దాన్నే పాటిస్తాయి.

మొదటిది, టైరును చక్రం నుంచి విప్పి లోపల చూడాలి. విప్పకుండా చేసింది ఏదైనా తాత్కాలికమే.

రెండోది, రంధ్రం ట్రెడ్ మధ్య భాగంలోనే ఉండాలి. ట్రెడ్ అంచు భుజంలా మలుపు తిరిగే చోట గానీ, సైడ్‌వాల్ మీద గానీ ఉంటే మరమ్మతు లేదు, టైరు మార్చాల్సిందే. టైరు ఎక్కువగా వంగేది ఆ భాగాలే కాబట్టి అక్కడ ప్యాచ్ నిలవదు.

మూడోది, రంధ్రం పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్లు మించకూడదు.

నాలుగోది, రెండు పనులూ జరగాలి. మేకు చేసిన దారి మొత్తం రబ్బరుతో పూడాలి, లోపలి లైనర్ మీద ప్యాచ్ అతకాలి. రెండూ కలిసి పుట్టగొడుగు ఆకారంలో దొరుకుతాయి. హైదరాబాద్‌లోనూ ఇప్పుడు "మష్రూమ్ పంక్చర్" అంటున్నది దీన్నే. ప్లగ్ ఒక్కటే చాలదు, ప్యాచ్ ఒక్కటే చాలదు.

ఐదోది, పాత ప్యాచ్ మీదికి కొత్త ప్యాచ్ రాకూడదు. ట్రెడ్ 2/32 అంగుళాలకు, అంటే 1.6 మిల్లీమీటర్లకు అరిగిపోయిన టైరుకు మరమ్మతు చేయడం దండగ.

ఈ పద్ధతిలో చేసిన టైరుతో హైవే మీద చట్టం అనుమతించిన వేగంలో నిశ్చింతగా వెళ్లవచ్చు. దాని ట్రెడ్ అరిగేదాకా వాడుకోవచ్చు కూడా. పంక్చర్ పడగానే టైరు పారేయాలని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

స్పీడ్ రేటింగ్ సంగతి

టైరు పక్కన సైజు అంకెల చివర ఒక అక్షరం ఉంటుంది. అదే స్పీడ్ రేటింగ్. టీ అంటే 118 మైళ్లు, హెచ్ అంటే 130, వీ అంటే 149. ఇది చూసి "మనం పోయేది 80, టైరు ఓర్చుకునేది 130, ఇంకేం భయం" అనుకోవడం సహజం. ఆ అంకె దెబ్బతినని, సరైన గాలి, సరైన బరువు ఉన్న టైరుకు సంబంధించింది. గాలి సగం ఉన్న టైరుకు ఆ అక్షరం వర్తించదు.

మరమ్మతు తర్వాత ఆ రేటింగ్ ఉంటుందా అంటే కంపెనీలన్నీ ఒకే మాట చెప్పవు. పద్ధతి ప్రకారం చేస్తే ఉంటుందని కొన్ని అంటాయి. ఒకసారి మరమ్మతు చేశాక ఆ రేటింగ్‌కు మా పూచీ లేదని మరికొన్ని అంటాయి. మీ టైరు వారంటీ పుస్తకంలో ఈ సంగతి రాసి ఉంటుంది. రోడ్డు మీద 75, 80 వేగంలో పోయే మనకు దీనితో పెద్ద తేడా రాదు. కానీ ట్రాక్ మీద సరదాగా కారు తోలే కుర్రాళ్లు ఇంట్లో ఉంటే, మరమ్మతు చేసిన టైరుతో అక్కడికి వెళ్లవద్దని గట్టిగా చెప్పండి.

ఇంక మా టైరు కథ

షాపులో మెకానిక్ కారు లేపి, చక్రం విప్పి, టైరు ఊడదీశాడు. ప్లగ్ బాగానే ఉంది. రంధ్రం చిన్నది, ట్రెడ్ నడిమధ్యన ఉంది. మష్రూమ్ ప్యాచ్ వేస్తే సరిపోయే పంక్చర్. "ముప్పై డాలర్లతో పోతుంది" అనుకుంటూ నిలబడ్డాను.

అతను నన్ను పిలిచి టైరు లోపలికి టార్చ్ వేశాడు. అడుగున మిరియాల పొడిలా నల్లటి రబ్బరు పొడి. సైడ్‌వాల్ లోపలి వైపు చుట్టూ ఒక చార, వేలితో తడిమితే గరుకుగా ఉంది. "దీన్ని గాలి లేకుండా చాలా దూరం నడిపారు. పక్క గోడ లోపలి నుంచి నలిగిపోయింది. దీనికి నేను ప్యాచ్ వేయను" అన్నాడు.

నేను అమ్మాయి వైపు చూశాను. తను నా వైపే చూస్తోంది.

"నాన్నా, లైట్ మంగళవారమే వచ్చింది. నీకు ఫోన్ చేశాను కదా. చలికి అలాగే వస్తుంది, పట్టించుకోకు అన్నావు."

నిజమే. అన్నాను. మీటింగ్‌లో ఉండి, రెండు ముక్కల్లో తేల్చేశాను. నా మాట నమ్మి తను బుధవారం 200 మైళ్లు, 75 వేగంతో, ఆ టైరు మీద ఒక్కతే వచ్చింది.

మేకు వల్ల ఆ టైరుకు వచ్చిన నష్టం తక్కువ. గాలి లేకుండా నడపడం వల్ల వచ్చిందే ఎక్కువ. ఆ నష్టం బయటికి కనిపించదు, సబ్బు నీళ్లకు దొరకదు. మేం శనివారం రాత్రి వేసిన ప్లగ్ గాలిని చక్కగా ఆపింది. ఆపి, లోపలి సంగతిని కప్పేసింది. మా ఆవిడ అడగకపోతే ఆదివారం పొద్దున్న అదే టైరు మీద పిల్లను పంపేవాణ్ణి.

రెండు వెనక టైర్లూ మార్పించాను. 380 డాలర్లయింది. రెండే మార్చేటప్పుడు కొత్తవి వెనకే ఉండాలని మెకానిక్ చెప్పాడు. తడి రోడ్డు మీద వెనక టైర్లు పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుందట.

ఆ లైట్‌ను ఎలా చదవాలి?

డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకంతో వచ్చే పసుపు దీపం గాలి తగ్గిందని చెప్పేది. నాసిరకం టైర్లు, వాటి వల్ల జరిగిన ప్రమాదాల మీద గొడవ జరిగాక 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం వల్ల వచ్చిన ఏర్పాటు ఇది. 2008 మోడల్ నుంచి ఇక్కడి కార్లన్నిటిలో ఉంటుంది.

గాలి ఉండాల్సిన దానికన్నా నాలుగో వంతు తగ్గితేనే ఈ లైట్ వెలగాలని నియమం. అంటే 35 ఉండాల్సిన టైరులో 26కు పడిపోయేదాకా అది వెలగకపోవచ్చు. వెలిగిందంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. చలికి గాలి తగ్గే మాట నిజమే. ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కానీ చలి అయితే నాలుగు టైర్లలోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాలి. ఒక్క టైరులోనే తగ్గితే మేకు కోసం వెతకండి. కారు స్టార్ట్ చేయగానే లైట్ నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే అది సెన్సర్ లోపం.

ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద అచ్చు వేసింది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. అది చూసి నింపకూడదు.

దారిలో పంక్చర్ పడితే

టైరులో మేకు కనిపించి, గాలి ఇంకా ఉంటే మేకు పీకకండి. అదే కొంతవరకు బిరడాలా పనిచేస్తుంది. గాలి నింపుకుని, నెమ్మదిగా, ఫ్రీవే ఎక్కకుండా దగ్గరి షాపుకు వెళ్లండి.

ప్లగ్ కిట్ పారేయమని నేను చెప్పను. సెల్ సిగ్నల్ లేని చోట అదే ఆదుకుంటుంది. వేసుకున్నాక షాపుకు వెళ్లేవరకే అది అని గుర్తుంచుకుంటే చాలు. డబ్బాలో దొరికే సీలెంట్ కూడా అంతే. అది వాడితే షాపు వాళ్లకు ముందే చెప్పండి, లోపలంతా కడగాలి. డిక్కీలో ఉండే సన్నటి స్పేర్ టైరు మీద 50 మైళ్ల వేగం దాటకూడదు. రన్‌ఫ్లాట్ టైర్లైతే గాలి పోయాక సాధారణంగా 50 మైళ్ల వేగంతో 50 మైళ్ల దూరం వరకే. చాలా ఎలక్ట్రిక్ కార్లలో స్పేరే ఉండదు. కొనేటప్పుడు ఆ సంగతి చూసుకోండి.

షాపులో అడగాల్సినవి

ఒకటి, "టైరు విప్పి లోపల చూస్తారా?" రెండు, "ప్లగ్, ప్యాచ్ రెండూ కలిపి వేస్తారా?" మూడు, గాలి తక్కువతో ఎంత దూరం నడిపారో మీరే నిజం చెప్పండి. డాక్టర్ దగ్గర దాచినట్టు ఇక్కడ దాచకండి. నాలుగు, మరమ్మతు కుదరదంటే "ఎందుకో చూపిస్తారా?" అని అడగండి. కొత్త టైరు అంటగట్టడానికే అలా అంటున్నారని మనకు అనుమానం సహజం. కారణం ఉన్నవాడు చూపిస్తాడు. చూపించకపోతే ఇంకో షాపుకు వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనే విద్యార్థులకు ఒక మాట. టైరు మీద డాట్ అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత బాగున్నా, ఆరేళ్లు దాటిన టైర్లను మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి.

బ్రిటన్‌లో ఉన్నవారు మరమ్మతు బీఎస్ ఏయూ 159 ప్రమాణం ప్రకారం చేస్తారా అని అడగండి. అక్కడ ట్రెడ్ 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, మూడు పెనాల్టీ పాయింట్లు పడవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఎండ కూడా తోడవుతుంది. అబుదాబి వైపు కొన్ని రహదారుల మీద వేగ పరిమితి 140 కిలోమీటర్లు. అక్కడ తాడు ప్లగ్‌తో వారాల తరబడి తిరగడం మంచిది కాదు.

మొన్న జనవరిలో ఒక పొద్దున్న అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "నాన్నా, ఆ లైట్ వచ్చింది." మీటింగ్‌లోనే ఉన్నాను, బయటికి వచ్చాను. ఈసారి ఏమీ చెప్పకుండా, "నాలుగూ కొలిచి చెప్పు" అన్నాను. నాలుగింటిలోనూ 26కు అటూ ఇటూ ఉంది. చలే. గాలి నింపుకుని క్లాసుకు వెళ్లింది.